నవారు అల్లిన చక్రాల కుర్చీ

“మూడు నెలల నుంచి ఇందులోనే కూర్చుంటున్నారు మా ఆయన. ఒక్కసారన్నా జారారా? మీరు చూశారా?”

“ఇంట్లో కూర్చోడం వేరేమ్మా. బండిలో కూర్చోడం వేరే.”

“ఏం వేరే? కుర్చీ అదే, మనిషి అదే.”

“రోడ్డు అదే కాదు కదమ్మా. రింగులు ఎక్కడ? కుర్చీకి నాలుగు రింగులు ఉండాలి. ఒక్కటీ లేదు. తక్ బోలే, కుదరదు. నేను ఎక్కించలేను.”

“ఎక్కించలేని వాడివి పొద్దున్నే ఎందుకొచ్చావు మరి?”

“బుకింగ్ వచ్చింది, వచ్చాను. కుర్చీకి ఇట్లా తాడు చుట్టి పెట్టారని నాకు ఎవరు చెప్పారు?”

“తాడు కాదది, నవారు. తెలుగువాడినంటావు, నవారు తెలీదా?”

“మా తాత తెలుగువాడమ్మా. నేను సింగపూరువాడిని.”

బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింద, వ్యాను వెనక తలుపు తెరిచి, ఏటవాలు పలక నేలకు దించి ఉండగా జరిగిన తగవు ఇది. పలక మొదట్లో మా ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎడమచేత్తో చక్రం పట్టుకుని ఒకసారి నా మొహం, ఒకసారి డ్రైవరు మొహం చూస్తున్నారు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ముక్కులోంచి వచ్చిన సన్నటి గొట్టాన్ని చెంప మీద ప్లాస్టరుతో అంటించి ఉంచాం.

ఆ గొట్టం కోసమే ఆనాటి ప్రయాణం. పక్షవాతం వచ్చినప్పుడు కుడిపక్కతోపాటు గొంతు కూడా పట్టు తప్పింది. గుక్కెడు మంచినీళ్లు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టర్లు. అప్పటినుంచి గొట్టంలో పోసే పాలే ఆయనకు తిండి. ఆ రోజు పదిగంటలకు ఆసుపత్రిలో మింగే పరీక్ష. మింగగలిగితే నోటికి ఏదన్నా పెట్టనిస్తారు. ఆ రోజు తప్పితే మళ్లీ రెండు నెలలకు గాని వంతు రాదని ముందే చెప్పారు.

మూడు నెలలు నోటికేమీ లేని మనిషి పక్కన బతకడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఇంట్లో పోపు పెట్టడం మానేశాను. ఆవాలు చిటపటమంటే చాలు, పడకగదిలోంచి ఆయన మెడ ఇటు తిరిగేది. అందుకని కూరలు ఉడకేసి, ఉప్పూ కారం చల్లి దించేసేదాన్ని. “అమ్మమ్మా, వై సో ప్లెయిన్ లా?” అని మనవరాలు మొహం చిట్లిస్తే, “తింటే తిను, లేకపోతే లే” అనేదాన్ని. నేను మాత్రం వంటింటి తలుపు వేసుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగేసేదాన్ని.

ఇక కుర్చీ సంగతి. అది అల్లుడు కొన్న కుర్చీ, మంచిదే. సీటు నల్లటి రెగ్జిను. సింగపూరు ఉక్కపోతలో రెగ్జిను మీద పూటంతా కూర్చుంటే ఒళ్లు ఏమవుతుంది? పదిహేను రోజులకే ఆయనకు నడుం కింద ఎర్రగా కమిలింది. పుండు పడితే మానదని ఇంటికొచ్చే నర్సు భయపెట్టింది. గాలి ఊదే మెత్త ఒకటి కొనుక్కోమని కాగితం మీద రాసిచ్చింది. నేను కొననివ్వలేదు. మా ఊరినుంచి వచ్చేటప్పుడు నవారు చుట్ట ఒకటి పెట్టెలో పెట్టుకొచ్చాను. ఎందుకని అప్పుడే మా అమ్మాయి నవ్వింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నే గాని నవారు అల్లడం ఎనిమిదో ఏటనే వచ్చు. రెగ్జినును కత్తెరతో కోసి తీసేశాను. కుర్చీ ఈ పక్క ఇనప గొట్టం నుంచి ఆ పక్క గొట్టానికి బిగించి, మంచానికి అల్లినట్టే గళ్లు పడేట్టు అల్లాను. గాలి ఆడింది. పదిరోజుల్లో ఆ ఎరుపు తగ్గిపోయింది. నర్సు వచ్చి చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

అల్లేటప్పుడు గొట్టాలకు అడుగున బిగించిన నాలుగు ఇనప రింగులు అడ్డం వచ్చాయి. నవారు వాటిమీద ఎత్తుగా లేస్తోంది. అవెందుకున్నాయో నాకు అర్థం కాలేదు, ఎవరినీ అడగనూ లేదు. అల్లుడి స్క్రూడ్రైవరుతో నాలుగూ విప్పేశాను. నెల తిరక్కుండా, హారన్ నొక్కుకుంటూ బ్లాకు బ్లాకూ తిరిగే పాతసామాన్లతనికి, పాత పేపర్లతోపాటు ఇచ్చేశాను. నవారు బిగువుకి కుర్చీ మడవడానికి కూడా రాకుండా పోయింది. మడిచి పనేముందిలే అనుకున్నాను.

అవే ఇప్పుడు కావాలంటున్నాడు డ్రైవరు.

మా అమ్మాయి అతన్ని వెతికి మరీ బుక్ చేసింది, నాకు ఇంగ్లీషు రాదు గనక తెలుగు వచ్చిన డ్రైవరైతే మేలని. తను రావాల్సిందే. కానీ చాంగీ బిజినెస్ పార్కులో తన బ్యాంకు ఆఫీసులో ఆ రోజు ఏదో కొత్త ప్రోగ్రాము రిలీజట. ఊరికి ఈ చివరనుంచి ఆ చివరకు రైల్లో పోవాలని చీకటితోనే లేచి వెళ్లింది. “ఇవాళ ఒక్కరోజు లీవు అడిగితే వచ్చే ఏడు నన్ను అడిగేవాడుండడమ్మా. అంతా డ్రైవరు చూసుకుంటాడు, నువ్వు పక్కన కూర్చో చాలు” అంది వెళ్తూ. అల్లుడు ఆఫీసు పనిమీద వేరే దేశంలో ఉన్నాడు. అప్పుడు కంప్యూటరు ఉద్యోగాలు అలాగే ఉండేవి. మనుషులు చేతినిండా సంపాదించేవాళ్లు, చేతికి మాత్రం అందేవాళ్లు కాదు.

డ్రైవరు వ్యానులోంచి ప్లాస్టిక్కు తొడుగు వేసిన కాగితం ఒకటి తెచ్చాడు. యాభై దాటిన మనిషి, బట్టతల. కాగితంలో ఇంగ్లీషు, దానికింద ఇంకేవో భాషలు. తెలుగు లేదు.

“చదివి చెప్తాను, వినండి. కుర్చీ ముందుకు చూడాలి. కుర్చీ బ్రేకు పని చెయ్యాలి. నాలుగు రింగులకు నాలుగు బెల్టులు తగిలించి కింద గాడికి పట్టాలి. మనిషికి వేరే బెల్టు. ఇందులో ఒకటి లేకపోయినా ఎక్కించకూడదు. ఎక్కిస్తే నా లైసెన్సు పోయిరుచ్చు, పోయినట్టే.”

“బెల్టు నవారుకి కట్టు. ఎద్దు లాగినా తెగదది.”

“ఎద్దు కాదమ్మా, లారీ గుద్దితే?”

“లారీ గుద్దితే నీ రింగులు ఆపుతాయా?”

నేనే మళ్లీ గొంతు తగ్గించాను. “అరగంట దోవ. నెమ్మదిగా పోనివ్వు, నేను పట్టుకుని కూర్చుంటాను. ఎవరు చూస్తారు?” అన్నాను. ఒకళ్లను బతిమాలడం నా జన్మలో తక్కువ.

అతను కాగితం మళ్లీ వ్యానులో పెట్టాడు. తర్వాత, “సరి. మీరు నా మాట నమ్మరు. చూపిస్తాను, వాంగో, రండి” అన్నాడు.

బ్లాకు కింద చిన్న కొట్టు నడిపే చైనా ఆవిడను అడిగి, చేతులున్న ప్లాస్టిక్కు కుర్చీ ఒకటి, పదికిలోల బియ్యం సంచీ ఒకటి తెచ్చాడు. ఇద్దరం కలిసి మా ఆయన్ని ప్లాస్టిక్కు కుర్చీలోకి మార్చాం. పడకుండా నేను భుజం పట్టుకుని నిలబడ్డాను. ఖాళీ చక్రాల కుర్చీని పలక మీదుగా వ్యానులోకి తోసి, బ్రేకు వేసి, నాకు కనిపించేట్టు లాగి చూపించాడు. కదల్లేదు. నవారు మీద బియ్యం సంచీ పెట్టాడు. వెనక తలుపు తెరిచే ఉంచి, పలక ఒక్కటి పైకి మడిచాడు.

“పిల్లవాడు రోడ్డుకి అడ్డం వచ్చాడనుకోండి. అప్పుడు ఎట్లా తొక్కుతానో అట్లానే తొక్కుతా. ఎక్కువ కాదు, తక్కువ కాదు.”

కార్లు నిలిపే చోటు ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చాడు. పెద్ద వేగమేమీ కాదు, సైకిలు మీద కుర్రాళ్లు పోయేపాటి. మా ముందుకొచ్చి ఆపాడు. లోపల పెద్ద చప్పుడైంది. కొట్టు ఆవిడ “ఐయో” అని అరిచింది. బియ్యం సంచీ డ్రైవరు సీటు వీపుకు కొట్టుకుని కిందపడి ఉంది. కుర్చీ దానిమీద బోర్లా పడి ఉంది. ముందరి చిన్న చక్రం ఒకటి ఇంకా తిరుగుతోంది. బ్రేకు వేసింది వేసినట్టే ఉంది. నవారు ఒక్క పోగు కూడా సడలలేదు.

సంచీ ఉన్న చోట నేను మా ఆయన తలను చూశాను.

డ్రైవరు దిగివచ్చాడు. ఇప్పుడేమంటారు అని అతను అడగలేదు. అడిగి ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని.

మా ఆయన ఎడమచేత్తో నా కొంగు లాగారు. మాట ముద్దముద్దగా వచ్చేది అప్పట్లో. “పైకి... పోదాం” అన్నారు.

డ్రైవరే ఆయన్ని మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి, లిఫ్టు దాకా తోసుకొచ్చాడు. లిఫ్టు తలుపు మూసుకునేముందు చెయ్యి అడ్డం పెట్టి, “వేరే కుర్చీ దొరికితే ఫోన్ చెయ్యండమ్మా. రింగులున్నది. పొద్దున ఎంత తొందరైనా వస్తాను” అన్నాడు. నేను లిఫ్టు మీట నొక్కాను.

గోడగడియారంలో పది కొట్టినప్పుడు మేము ఇంట్లోనే ఉన్నాం. పాలు గొట్టంలో పోశాను. పోస్తున్నంతసేపూ ఆయన కిటికీ వైపే చూశారు.

మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్ చేసింది. జరిగింది చెప్పాను.

“రింగులు ఏం చేశావమ్మా?”

“పాతసామాన్లతనికి ఇచ్చేశాను.”

“ఎందుకిచ్చావు?”

“ఊరికే పడి ఉన్నాయని.”

“ఊరికే పడి ఉన్నాయా! ఇంట్లో ఏ వస్తువునైనా ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనిస్తావా నువ్వు? మిక్సీ మూతకి గుడ్డ కడతావు, గొడుగు కోసి సంచీ కుడతావు. నేను ఏనాడన్నా ఏమన్నా అన్నానా? నాన్న కుర్చీ కూడానా అమ్మా?”

“ఆ కుర్చీలో పుండు పడబోయింది. అప్పుడు నువ్వు ఎక్కడున్నావు?”

ఆ మాట అనకుండా ఉండవలసింది. దాని ఏడుపు ఫోనులో వినపడింది. వెనక ఆఫీసులో ఎవరో దాన్ని ఇంగ్లీషులో పిలుస్తున్నారు. “సరే, ఆసుపత్రికి చేసి కనుక్కుంటాను” అని పెట్టేసింది.

తప్పు నాదేనని ఆరోజు నేను ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నాలుగు గంటలకు మళ్లీ చేసింది. ఆసుపత్రిలో రేపటి వంతు ఉన్నవాళ్లెవరో రాలేమన్నారట, రేపు పొద్దున తొమ్మిదింటికి వంతు ఇస్తామన్నారట. “అర్ధగంటలో అవునో కాదో చెప్పాలమ్మా. లేకపోతే ఇంకొకళ్లకిస్తారు. షాపులో కుర్చీ అడిగితే రెండు రోజులు పడుతుందంటున్నారు. అద్దెకిచ్చేవాళ్లు ఇవాళ మూసేశారు. ఏం చెయ్యను?”

నా కళ్లముందు వెంటనే ఒక కుర్చీ మెదిలింది.

మా అంతస్తులోనే, వరండా ఆ చివరి ఇంట్లో ఒక చైనా కుటుంబం. ఆ ఇల్లాలి అత్తగారు రెండు నెలల కిందట పోయింది. బ్లాకు కింద గుడారం వేసి, మూడు రోజులు గంటలు కొట్టి సాగనంపారు. ఆ ముసలావిడ కూర్చున్న చక్రాల కుర్చీని మడిచి, పూలకుండీల పక్కన ప్లాస్టిక్కు గుడ్డ కప్పి ఉంచారు. మార్కెట్‌కి వెళ్లినప్పుడల్లా దాన్ని చూస్తూనే ఉన్నాను. బంగారంలాంటి కుర్చీ ఎండకు ఎండుతోందే అని ప్రాణం ఉసూరుమనేది. కానీ ఒక్కనాడూ దాన్ని తాకలేదు. మా ఇళ్లల్లో పోయినవాళ్ల మంచం, పరుపు ఇంట్లో ఉంచుకోం. బతికున్న మనిషిని, అందులోనూ జబ్బుమనిషిని, నా చేతులతో నేను అందులో కూర్చోబెట్టడమా?

“ఉందా అమ్మా? ఎవరిదగ్గరైనా?”

“అవునని చెప్పెయ్” అని ఫోను పెట్టేశాను.

ముందు వెళ్లి ప్లాస్టిక్కు గుడ్డ కిందికి చెయ్యి పెట్టి తడిమాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రింగులు చల్లగా తగిలాయి. అప్పుడు తలుపు కొట్టాను. ఆవిడకూ నాకూ అప్పటిదాకా తల ఊపుకోవడమే గాని మాట లేదు. మా చీరల నీళ్లు వరండా వెంట వాళ్ల కుండీల దాకా పారుతున్నాయని ఒకసారి వేలు చూపించింది, ఆ తర్వాత తల ఊపుకోవడమూ తగ్గింది. నేను చక్కెర కూడా ఎవరినీ చేబదులు అడిగి ఎరగను. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ కూడగట్టుకున్నాను.

“చైర్. మై హస్బెండ్. టుమారో హాస్పిటల్. గివ్ బ్యాక్.”

ఆవిడ కుర్చీ వంక చూసింది, నా వంక చూసింది.

“కెన్, కెన్. టేక్ లా. బట్ ఆంటీ, మై మదర్ ఇన్ లా సిట్ దిస్ వన్. ఆల్రెడీ గాన్. యూ స్కేర్డ్ ఆర్ నాట్?”

భయమా అని అడుగుతోందని తెలిసింది. లేదని తల అడ్డంగా ఊపాను. అబద్ధం ఆడాను. ఆవిడ లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి, చేతులు పెట్టుకునే చోట తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఒక చోట ఆగి, వెనక్కి తిరిగి ముక్కు చీదుకుంది. నేను అక్కడే నిలబడ్డాను.

ఇంటికి తోసుకొచ్చి ఆయనకు చెప్పకుండా ఉందామనుకున్నాను. చెప్పకుండా కూర్చోబెడితే మోసమనిపించింది. మంచం పక్కన కూర్చుని చెప్పాను.

“ఏమండీ, ఇది చివరింటి ముసలావిడది. పోయింది చూడండి, ఆవిడది. మీకు వద్దంటే వద్దు. రెండు నెలలు ఆగుదాం.”

ఆయన కుర్చీ వైపు కూడా చూడలేదు. పెదవి ఒక పక్కకే కదిలేది. నాలుకను కూడదీసుకుని, “నాకు... ఆకలేస్తోందే” అన్నారు.

కడుపు పాలతో నిండే ఉంది. ఆ ఆకలి కడుపుది కాదు.

బకెట్లో పసుపు కలిపి స్నానాలగదిలో కుర్చీ అంతా కడిగాను. చీకటిపడే వేళకు వచ్చిన మా అమ్మాయి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయింది.

“ఏంటమ్మా ఇది, కుర్చీకి తలంటుతున్నావా?”

“నోర్ముయ్. ఎవరిదో తెలుసుగా.”

“తెలుసు. పసుపు మరకపడితే రేపు వాళ్లకు తిరిగెలా ఇస్తాం? జరుగు.”

నా చేతిలోంచి గుడ్డ లాక్కుని సబ్బుపెట్టి రుద్దింది. ఇద్దరం నేలమీద కూర్చుని, అది ఒక చక్రం, నేనొక చక్రం తుడిచాం. మధ్యాహ్నం మాటలు అదీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. “రేపు లీవు పెట్టావా?” అని మాత్రం అడిగాను. “లేదు. పొద్దున మీతో వచ్చి, అటునుంచి అటు ఆఫీసుకు పోతా. ఏమంటారో అననీ” అంది. తర్వాత డ్రైవరుకు ఫోన్ చేసింది. “రింగులున్నాయా?” అనే అతను మొదట అడిగాడట. నన్ను లెక్కపెట్టమంది. మళ్లీ లెక్కపెట్టి, నాలుగున్నాయని చెప్పాను.

మర్నాడు పొద్దున ఎనిమిది కాకముందే వ్యాను వచ్చింది. డ్రైవరు వంగి కూర్చుని నాలుగు రింగులనూ ఒక్కొక్కటే లాగి చూశాడు. బ్రేకు వేసి తోసి చూశాడు. కుర్చీని ముందుకు తిప్పి, నాలుగు బెల్టులు గాడికి బిగించి, ఆయన ఛాతీ మీదుగా వేరే బెల్టు పెట్టాడు. తొమ్మిదింటికి పది నిమిషాల ముందు ఆసుపత్రిలో దిగాం. నర్సు చిక్కబరిచే పొడి కలిపిన నీళ్లు చెంచాతో ఆయనకు పట్టింది. మొదటి చెంచా మింగారు. రెండోది కాస్త ఆగి మింగారు. మూడోదానికి దగ్గు వచ్చింది, ఆపేశారు. గొట్టం ఇప్పుడే తీయడానికి వీల్లేదని డాక్టరమ్మ చెప్పింది. పూటకు రెండు చెంచాలు, కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, అలా చిక్కగా చేసింది నోటికి పెట్టవచ్చంది. ఎలా పెట్టాలో మా అమ్మాయికీ నాకూ చూపించింది. పదింటికి అమ్మాయి ఆఫీసుకు వెళ్లిపోయింది. మేమిద్దరం అదే వ్యానులో ఇంటికి వచ్చాం.